ఏటిమొగ కోసం యుద్ధం: 108 ఫాంటసీ కార్డుల సెట్‌ను మొదటి నుంచి చివరి దాకా తయారు చేయడం

విశాఖ ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని చూడడానికి వెళ్ళినవాళ్ళలో చాలామంది టార్పెడోల దగ్గర ఆగి ఫోటో తీసుకుంటారు. నేను ప్రతిసారీ వంటగది దగ్గర ఆగిపోతాను. 1969లో నౌకాదళంలో చేరిన ఆ జలాంతర్గామిలో, 2002లో మ్యూజియంగా మారక ముందు, 70 మందికి పైగా నావికులకు అంత ఇరుకైన చోటే పూటపూటా వండి పెట్టారు. యుద్ధం మీద కార్డుల సెట్ చేద్దామని నేను మొదటిసారి కూర్చున్నప్పుడు కత్తులు, గుర్రాలు, మంత్రగాళ్ళు మాత్రమే గీశాను. వంట చేసేవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ సెట్ పది ఆటలకే చప్పబడిపోయింది. వందేళ్ళుగా సాగుతున్న యుద్ధమని పెట్టె మీద రాశాను కానీ, వందేళ్ళు దానికి ఎవరు తిండి పెట్టారో ఒక్క కార్డు కూడా చెప్పలేదు.

రెండో ప్రయత్నంలో ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాను. ఆ సెట్ పేరు ‘ఏటిమొగ’, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. దాన్నే ఉదాహరణగా పెట్టుకుని, ఆలోచన పుట్టిన దగ్గర నుంచి ప్యాకెట్ అంటించేదాకా పని ఎలా జరగాలో చెబుతాను.

మొదటి అడుగు: యుద్ధం ఎందుకు ఆగదో ఒక్క వాక్యంలో రాయండి

బొమ్మలు గీయకండి, పేర్లు పెట్టకండి. ముందు ఈ వాక్యం రాయండి. రాశాక దాన్ని ఇలా పరీక్షించండి: ఈ రోజు ఒక పక్షం పూర్తిగా గెలిచిందనుకుందాం. వచ్చే ఏడాది యుద్ధం మళ్ళీ ఎందుకు మొదలవుతుంది? మీ వాక్యంలో దీనికి జవాబు లేకపోతే అది పెద్ద యుద్ధమే కావచ్చు, అంతులేనిది మాత్రం కాదు. ‘చీకటి రాజు లోకాన్ని ఏలాలనుకున్నాడు’ అనే కారణం ఇక్కడే ఓడిపోతుంది. ఆ రాజు చస్తే కథ అయిపోతుంది.

నా కారణం భీమిలిలో దొరికింది. గోస్తని నది అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఇలాంటి చోట్ల ఇసుక మేటలు వేస్తుంది, వరద వస్తే నీరు కొత్త దారి చూసుకుంటుంది, ఏటిమొగ పక్కకు జరుగుతుంది. రెండు రాజ్యాలకు ఆ ఏరే సరిహద్దు అయితే? ఏడాదికోసారి ఒక ఊరు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మారిపోతుంది. ఎవరూ దొంగిలించలేదు, అయినా ఒకరు పోగొట్టుకున్నారు. నా వాక్యం ఇది: ‘సరిహద్దు ఏరు, ఏరు ఏటా కదులుతుంది.’ ఎవరు గెలిచినా వచ్చే వర్షాకాలాన్ని ఆపలేరు.

ప్రకృతి కారణం వద్దనుకుంటే మనుషుల మధ్య కారణం వెతకండి. మన చుట్టుపక్కలే ఉంది. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ దళాల అండతో విజయనగరం ప్రభువు విజయరామరాజు బొబ్బిలి కోటను పడగొట్టాడు. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు ఆయనను గుడారంలోనే పొడిచి చంపాడు. గెలుపు నుంచే తర్వాతి దెబ్బ పుట్టింది. ఇలాంటి గొలుసు మీ సెట్‌కు ప్రాణం కాగలదు. అయితే చరిత్రలోని మనుషులను పేర్లతో సహా కార్డుల మీదకు ఎక్కించకండి. వాళ్ళ వంశాలవారు, వాళ్ళను గౌరవించేవారు ఇప్పటికీ ఉన్నారు. తీసుకోవలసింది కారణం నడిచిన తీరు మాత్రమే.

రెండో అడుగు: పక్షాలు

నాలుగు చాలు. ఐదో పక్షం పెట్టిన ప్రతివారూ చివరకు దాన్ని సగంలో వదిలేయడమే నేను చూశాను. ప్రతి పక్షానికీ ఒక నేల, ఒక న్యాయమైన ఫిర్యాదు ఉండాలి. చెడ్డ పక్షం అనేది ఉండకూడదు. అది ఉన్న క్షణం ఆటగాడు ఎవరి వైపు నిలబడాలో మీరే తేల్చేసినట్టు.

నేలల కోసం నేను దూరం పోలేదు. తీరంలోని ఉప్పుమడుల నుంచి ‘ఉప్పుకోట’, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి ‘ఎర్రమెట్ట’, ఊరి బయట తాటితోపుల నుంచి ‘తాటివనం’, అరకు ఘాట్ రోడ్డు మీది పొగమంచు నుంచి ‘మంచుకనుమ’ పుట్టాయి. ఫాంటసీ అంటే తెలియని కోటలు, మంచుపర్వతాలే కానవసరం లేదు. రోజూ చూసే నేలకు ఒక వింత కలిపితే చాలు. మా ఎర్రమెట్టలో దిబ్బలు రాత్రిపూట నడుస్తాయి, తాటివనంలో చెట్లు చచ్చినవారి పేర్లు గుర్తుపెట్టుకుంటాయి. ఒక్కో పక్షానికి ఒక్క వింతే పెట్టండి. రెండు పెడితే రెండూ పలచబడతాయి.

మూడో అడుగు: కారణాన్ని బల్ల మీద పెట్టండి

సెట్ అంతటిలో ఎక్కువ కాలం గడపవలసింది ఇక్కడే. యుద్ధం అంతులేనిదని కార్డు అడుగున వాక్యం రాస్తే ఎవరూ నమ్మరు. ఆడేవారి చేతులకు అది తెలియాలి.

‘ఏటిమొగ’లో ఇద్దరు ఆటగాళ్ళు, ఒక్కొక్కరికి 30 కార్డుల డెక్, అంటే ఆడే కట్ట. ఇద్దరి మధ్య ఐదు ఊళ్ళ కార్డులు వరుసగా ఉంటాయి, రెండు ఊళ్ళ సందున ఏటిమొగ కార్డు అడ్డంగా ఉంటుంది. ఏటికి మీ వైపున్న ఊళ్ళు మీవి, ఒక్కో ఊరు వంతుకు ఒక ధాన్యం ఇస్తుంది, కార్డులు దించడానికి చెల్లించేది అదే. ఐదు బేసి సంఖ్య కాబట్టి ఏరు ఏ సందులో ఉన్నా ఒకరికి తక్కువే వస్తుంది. ఆ అసంతృప్తి కోసమే ఐదు పెట్టాను. నాలుగు పెట్టి ఆడినప్పుడు ఇద్దరూ చెరి రెండు ఊళ్ళతో హాయిగా కూర్చున్నారు.

ఇద్దరి వంతులూ అయ్యాక ఒడ్డున ఉన్న యోధుల బలాలు పోల్చాలి. ఎక్కువ ఉన్నవారు ఏటిని ఒక సందు అవతలికి నెడతారు. తర్వాత తక్కువ ఊళ్ళున్నవారు నాలుగు గవ్వలు వేస్తారు. నాలుగూ బోర్లా పడితే ఏరు ఒక సందు వాళ్ళకు మేలుగా, నాలుగూ వెల్లకిలా పడితే కీడుగా కదులుతుంది. తరచుగా జరగదు, జరిగినప్పుడు మాత్రం పది నిమిషాల వ్యూహం ఇసుకలో కలిసిపోతుంది. పాచికల కన్నా గవ్వలు నాకు నచ్చాయి, అష్టాచెమ్మా ఆడిన ప్రతి ఇంట్లోనూ అవి ఉంటాయి.

ఏరు వరుస చివరకు చేరినా, ఒకరి డెక్ అయిపోయినా ఆట ముగుస్తుంది. ఇక్కడ పెద్ద చిక్కు ఉంది: యుద్ధానికి అంతం లేదు, ఆట మాత్రం అరగంటలో తేలాలి. నేను చేసిన ఏర్పాటు ఇది. ఒక్క ఆట యుద్ధంలో ఒక ఋతువు. ఆరు ఆటలు ఒక ఏడాది. తర్వాతి ఆట ఏరు ఎక్కడ ఆగిందో అక్కడే మొదలవుతుంది, చివరి సందులో ఆగితే ఒక్క ఊరు వెనక్కి. ఓడినవారు పడిపోయిన యోధుల్లో ఒకరి వారసుడిని ఖర్చు లేకుండా దించుతారు. అందుకే పెట్టెలో ఒక చిన్న నోటు పుస్తకం ఉంటుంది. ఎవరు గెలిచారన్న గడి అందులో లేదు. ఏరు ఎక్కడ ఉంది, ఎవరు పడ్డారు, ఈ రెండే రాయాలి.

దీనికి తోడు మూడు ప్రత్యేక గుణాలు పెట్టుకున్నాను. మొదటి సెట్‌కు మూడుకు మించవద్దు.

‘పగ’: మీ యోధుడు పడితే మీకు ఒక పగ గుర్తు వస్తుంది, దాన్ని తర్వాతి యోధుడికి ఒక ధాన్యంగా చెల్లించవచ్చు.
‘ఆకలి’: ప్రతి వంతులో ఒక్కో యోధుడికి ఒక ధాన్యం పెట్టాలి, పెట్టకపోతే అతను ఇంటికి, అంటే మీ చేతిలోకి, తిరిగి వెళ్తాడు.
‘సంధి’: ఇద్దరూ ఒప్పుకుంటేనే పనిచేసే కార్డు, మూడు వంతుల పాటు ఎవరూ ఏటిని నెట్టలేరు. గవ్వలు మాత్రం వేస్తూనే ఉండాలి.

నాలుగో అడుగు: లెక్క ముందు, కార్డులు తర్వాత

సెట్‌లో ఎన్ని కార్డులు ఉండాలో మీ ఊహ కన్నా ప్రెస్సులోని కాగితం బాగా చెబుతుంది. ప్రపంచమంతటా వాడే కార్డు కొలత 63 × 88 మిల్లీమీటర్లు. చుట్టూ 3 మిల్లీమీటర్లు కత్తిరింపు కోసం వదలాలి, ప్రెస్సువాళ్ళు దాన్ని బ్లీడ్ అంటారు. కలిపితే 69 × 94. డిజిటల్ ప్రెస్సుల్లో మామూలుగా దొరికే 12 × 18 అంగుళాల షీటు మీద ఇవి వరుసకు ఆరు చొప్పున మూడు వరుసలు, అంటే 18 పడతాయి. కాబట్టి సెట్ 18 గుణిజంలో ఉండాలి. 100 కార్డులు చేస్తే ఆరో షీటులో ఎనిమిది గడులు వృథా. 108 చేస్తే సరిగ్గా ఆరు షీట్లు.

ఆ ఆరింటిని ఇలా పంచండి: సాధారణ కార్డులు 54, మూడు షీట్లు. అరుదైనవి 36, రెండు షీట్లు. అత్యరుదైనవి 18, ఒక షీటు. మూడు రకాలనూ ఒకే షీటులో కలపకండి. కలిపితే అత్యరుదైన కార్డు కూడా సాధారణ కార్డుతో సమానంగా అచ్చవుతుంది, అప్పుడు అరుదు అన్న మాటకు అర్థం ఉండదు.

కార్డులు కలగలుపుగా ప్యాకెట్లలో వెళ్తాయి. ఒక్కో ప్యాకెట్‌లో తొమ్మిది సాధారణం, నాలుగు అరుదు, ఒకటి అత్యరుదు పెట్టండి. 18 ప్యాకెట్లకు మొత్తం 252 కార్డులు కావాలి. సాధారణ షీట్లు ఒక్కోటి మూడేసి ప్రతులు, అరుదైనవి రెండేసి, అత్యరుదైనది ఒకటి తీస్తే 9, 4, 1 కలిపి 14 షీట్లు. 14 × 18 అంటే 252, ఒక్క కార్డు కూడా మిగలదు. మరో 18 ప్యాకెట్లు కావాలంటే మరో 14 షీట్లు. ఈ లెక్క కుదిరిన రోజు నాకు కలిగిన సంతోషం మంచి బొమ్మ కుదిరినప్పటి సంతోషానికి ఏమాత్రం తగ్గదు.

పక్షాలకు పంపకం: ఒక్కో పక్షానికి 22 కార్డులు, 11 సాధారణం, 7 అరుదు, 4 అత్యరుదు. నాలుగు పక్షాలకు 88. మిగిలిన 20 అందరివీ, వాటిలో 10 సాధారణం, 8 అరుదు, 2 అత్యరుదు. ఆ రెండూ సంధి కార్డులే. శాంతి దొరకడం కష్టమన్న మాట అరుదు లెక్కలోనే ఉండాలనిపించింది. ఊళ్ళు, ఏటిమొగ కలిసి ఆరు కార్డులు ప్యాకెట్లలోకి వెళ్ళవు. వాటిని విడిగా ఒక షీటులో అచ్చు వేస్తే మూడు పెట్టెలకు సరిపోతాయి.

ఐదో అడుగు: యుద్ధం చేయనివారిని గీయండి

నా 108లో యోధులు 40, పోషకులు 44, ఘటనలు 24. పోషకులు అంటే ఉప్పు పండించేవారు, కమ్మరులు, పడవలు బాగుచేసేవారు, గాయాలకు కట్టు కట్టేవారు, జీతాల లెక్క రాసే కరణాలు. యోధుల కన్నా వీళ్ళే ఎక్కువ.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. మన దేశంలో చేత్తో చిత్రించిన గుండ్రటి గంజీఫా కార్డులు శతాబ్దాల నాటివి. నిర్మల్ చిత్రకారులూ పొరుగున ఒడిశా చిత్రకారులూ వాటిని వేశారు. దశావతార గంజీఫాలో అవతారానికి 12 చొప్పున 120 కార్డులు. ప్రతి వర్గంలోనూ రాజు తర్వాతి స్థానం మంత్రిది. పేకలో రాజు, రాణి, జాకీలను చూసి పెరిగిన మనకు, పాలన నడిపేవాడికి ఒక కార్డు ఉండాలన్న ఆ పాత ఆలోచన పనికొస్తుంది.

ఒక కార్డు పూర్తిగా చూడండి.

పేరు: గుగ్గిలం పూసే అప్పలమ్మ. పక్షం: ఉప్పుకోట. రకం: పోషకులు. ఖర్చు: 2 ధాన్యం. పని: ‘మీ వంతు మొదట 1 ధాన్యం తీసుకోండి. ఏటి ఒడ్డున ఎదుటివారి పడవ ఉంటే మరొకటి.’ అడుగు వాక్యం: ‘పడవ ఎవరిదని అడగను. బెజ్జం ఎక్కడుందో చూపించండి.’

పని, మాట రెండూ ఒకే మనిషి గురించి చెబుతున్నాయో లేదో చూసుకోండి. ఆవిడ శత్రువు పడవ కూడా బాగుచేస్తుంది, అందుకే శత్రువు పడవ ఉంటే ఆవిడకు ఆదాయం ఎక్కువ. యుద్ధం ఆగకపోవడంలో ఆవిడ వాటా అది, ఆవిడ మాత్రం చెడ్డది కాదు. ఇలాంటివి ఇరవై కుదిరితే మీ సెట్ నిలబడుతుంది.

అడుగు వాక్యాలను 12 మాటలు దాటనివ్వకండి. శౌర్యం, రక్తం, విధి వంటి మాటలు వచ్చిన ప్రతిచోటా ఒక వస్తువు పేరు పెట్టి చూడండి. ‘శతాబ్దాల పగ మా నరాల్లో ఉంది’ అని ఒక కార్డుకు రాసుకున్నాను. తర్వాత దాన్ని కొట్టేసి ఇలా మార్చాను: ‘మా తాత నాటిన తాడి ఇప్పుడు శత్రువు ఒడ్డున ఉంది. చెట్టు కదలలేదు.’

ఆరో అడుగు: అచ్చుకు ముందు ముప్పై ఆటలు

ఏ-4 కాగితం మీద తొమ్మిది కార్డులు పడతాయి. మామూలు కాగితం మీద, బొమ్మలు లేకుండా, పేరూ పనీ మాత్రమే అచ్చు తీయండి. కత్తిరించి, పాత పేకముక్కతో కలిపి ప్లాస్టిక్ స్లీవ్‌లో పెట్టండి. కొన్ని పేకముక్కల వెడల్పు తక్కువ, ముందే కొలవండి. బొమ్మలు వేశాక కార్డు మార్చడానికి మనసు రాదు, అందుకే ఈ దశలో బొమ్మలు వద్దంటున్నాను.

చేతికి వచ్చే కార్డుల లెక్క కూడా ఇప్పుడే చూడాలి. 30 కార్డుల డెక్‌లో పోషకులు 8 మంది ఉంటే, మొదట తీసుకునే ఆరు కార్డుల్లో ఒక్క పోషకుడూ రాని పరిస్థితి సుమారు ఎనిమిది ఆటలకు ఒకసారి ఎదురవుతుంది. 12 మంది ఉంటే 32 ఆటలకు ఒకసారి. మొదటిది ఆడేవారిని విసిగిస్తుంది, రెండోది భరించదగినది. అందుకే డెక్‌లో కనీసం 12 మంది పోషకులు ఉండాలని నియమం రాసేశాను.

నా ఆటలో అసలు తప్పు ఏడో ఆటలో బయటపడింది. శత్రువును చంపితే శత్రువుకే పగ గుర్తు వస్తుంది కదా. అది గ్రహించగానే ఇద్దరు ఆటగాళ్ళూ దాడి మానేశారు. గంటన్నర సేపు ఒకరినొకరు చూసుకుంటూ సైన్యాలు పోగేశారు. యుద్ధం లేదు, శాంతీ లేదు. పగ బలాన్ని తగ్గించి చూశాను, ఫలితం లేదు. చివరకు దారి ఆకలిలో దొరికింది. మొదట్లో ఆకలి నియమం కొందరు యోధులకే ఉండేది, దాన్ని అందరికీ వర్తింపజేశాను. సైన్యాన్ని ఊరికే నిలబెట్టడం ఖరీదైపోయింది. ఊళ్ళు పెరిగితే తప్ప తిండి చాలదు, ఏటిని నెడితే తప్ప ఊళ్ళు పెరగవు. ఆట మళ్ళీ కదిలింది. పగ గుర్తులు ఒకరి దగ్గర మూడుకు మించకూడదన్న హద్దుతో అరగంటలో ముగియసాగింది.

పరీక్షించేటప్పుడు మీరు నోరు విప్పకండి. బీచ్ రోడ్డులో సాయంత్రం కూర్చోబెట్టండి, మేడ మీద ఆడించండి, మీరు మాత్రం పక్కన ఉండి రాసుకోండి: ఏ కార్డు దగ్గర నియమం అడిగారు, ఏ కార్డును ఎప్పుడూ దించలేదు, ఎక్కడ ఫోను చూసుకున్నారు. మూడోది అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం.

ఏడో అడుగు: తెలుగు అక్షరాలు

తెలుగు కార్డులకే ఉన్న సమస్య ఇది. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు. ఇంగ్లీషు కార్డు కొలతలతో పెట్టె గీస్తే మూడు పంక్తులు కూడా పట్టవు. పని రాసే భాగానికి కార్డు ఎత్తులో మూడో వంతు ఇవ్వండి. అక్షరం 8.5 పాయింట్లకు తగ్గకూడదు, పంక్తుల మధ్య దూరం 13 పాయింట్లు. పేరుకు రామభద్ర వంటి దళసరి ఖతి (ఫాంట్), లోపలి పాఠానికి మండలి బాగుంటాయి. రెండూ స్వేచ్ఛా లైసెన్సు ఉన్న యూనికోడ్ ఖతులు, అమ్మకానికి చేసే కార్డుల మీద కూడా వాడవచ్చు.

బొమ్మలకు క్రిటా, కార్డు అమరికకు ఇంక్‌స్కేప్ సరిపోతాయి, రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లు. ప్రెస్సుకు ఫైలు ఇచ్చే ముందు అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చి పీడీఎఫ్ చేయండి. నేను ఒకసారి ఇది చేయకుండా తెరిచిన ఫైలు ఇచ్చాను. అక్కడి పాత సాఫ్ట్‌వేర్‌లో వత్తులు విడిపోయి ‘యుద్ధం’ కాస్తా ‘యుద్‌ధం’ అయింది. నలభై షీట్లు అచ్చయ్యాక చూశాం. ఆ షీట్లలో ఒకదాన్ని ఇప్పటికీ నా బల్ల ముందు గోడకు అంటించి ఉంచాను.

ఎనిమిదో అడుగు: బొమ్మలు, హక్కులు

108 బొమ్మలు ఒంటరిగా వేయలేరు. 18 అత్యరుదైన వాటికి పూర్తి చిత్రాలు వేయండి. సాధారణ కార్డులకు ఒక్కో పక్షానికి పొడవైన ఒకే దృశ్యం గీసి ముక్కలు చేయండి. పదకొండు కార్డులు పక్కపక్కన పేరిస్తే ఉప్పుకోట తీరమంతా కనిపించాలి. సేకరించేవారికి అది ఇచ్చే ఆనందం వేరు. రంగులకు ఏటికొప్పాక లక్కబొమ్మలు చూడండి. గింజలు, బెరళ్ళు, వేళ్ళ నుంచి తీసిన ఆ ఎరుపు, పసుపు, ఆకుపచ్చలు అచ్చులో కూడా నిలబడతాయి. తెర మీద మెరిసే సముద్రపు నీలం మాత్రం కాగితం మీద మసకబారుతుంది, నమూనా తీయకుండా నమ్మకండి. అన్నట్టు, పగ గుర్తులుగా ఏటికొప్పాక అంకుడు కర్ర పూసలు వాడితే ఆట అందమే మారిపోతుంది.

వేరే చిత్రకారులతో గీయిస్తే కాగితం మీద ఒప్పందం రాసుకోండి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్ళకే, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశానికే పరిమితమవుతుంది. వారి పేరు ప్రతి కార్డు అడుగునా వేయండి. ఆడే పద్ధతి మీద ఎవరికీ కాపీరైటు ఉండదు కానీ, ఇతర ఆటల చట్రాలు, గుర్తులు, బొమ్మలు ఎత్తుకోవడం తప్పే.

తొమ్మిదో అడుగు: ప్రెస్సులో

ఒక్కో కార్డు ఫైలు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) వద్ద 815 × 1110 పిక్సెళ్ళు. రంగులు సీఎంవైకేలో, అంటే ప్రెస్సు వాడే నాలుగు సిరాల పద్ధతిలో. చిన్న అక్షరాలకు నల్ల సిరా ఒక్కటే వాడండి, నాలుగు రంగులు కలిపిన నలుపు అక్షరాల అంచులను చెరిపేస్తుంది. కాగితం 300 నుంచి 350 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు. విశాఖలో డాబా గార్డెన్స్ వైపు ప్రెస్సులకు వెళ్ళేటప్పుడు మీకు నచ్చిన కార్డు ఒకటి జేబులో పెట్టుకెళ్ళండి. మాటల్లో చెప్పే మందం కన్నా వేళ్ళతో వంచి చూసే మందం నమ్మదగినది.

ముందూ వెనకా అచ్చు సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడదు, ఒకటి రెండు మిల్లీమీటర్లు జరుగుతుంది. వెనక వైపు సన్నని అంచు గీత పెడితే ఆ తేడా ప్రతి కార్డులోనూ కనిపించి, వెనక నుంచే కార్డును గుర్తుపట్టేస్తారు. అంచు దాకా పాకే అలల నమూనా పెట్టండి.

విశాఖ గాలి తేమను మరచిపోకండి. ఒకవైపే లామినేషన్ చేసిన కార్డు వారంలో దోసెలా వంగుతుంది. రెండువైపులా మ్యాట్ లామినేషన్ చేయించండి, కత్తిరించాక ఒక రోజు బరువు కింద ఉంచండి, పెట్టెలో సిలికా పొట్లం వేయండి. మూలలు గుండ్రంగా కోసే యంత్రం ప్రెస్సులో లేకపోతే 3 మిల్లీమీటర్ల చేతి పంచ్ కొనుక్కోండి. 252 కార్డులకు 1008 మూలలు, ఒక ఆదివారం పని.

ప్యాకెట్లు నింపేటప్పుడు 14 గిన్నెలు వరుసగా పెట్టుకోండి, తొమ్మిది సాధారణం, నాలుగు అరుదు, ఒకటి అత్యరుదు. ప్రతి రకాన్నీ విడివిడిగా కలిపి, గిన్నెకు 18 చొప్పున పంచి, ప్యాకెట్‌కు ఒక్కో గిన్నె నుంచి ఒక్కోటి తీయండి. చివరి ప్యాకెట్ నిండేసరికి అన్ని గిన్నెలూ ఒకేసారి ఖాళీ కావాలి. కాకపోతే అంటించకముందే మళ్ళీ లెక్కపెట్టండి. నోటు పుస్తకం మొదటి పేజీలో ఏరు రెండో ఊరికీ మూడో ఊరికీ మధ్య ఉందని మీ చేత్తో రాసి, పెట్టె మూయండి.